ఒకటిన్నర చుట్టు తిరిగిన ఖాళీ ఇల్లు

ముందు ప్రమాణం చేసి మొదలుపెడతాను. తెనాలిలో నా మాట నమ్మేవాళ్ళు ముగ్గురున్నారు. ఇద్దరికి చెవుడు. మూడో ఆయన మా హెడ్మాస్టరు. నా సెలవు చీటీల్లో పోయిన పెద్దమ్మలందరి కోసం ఆయన పాపం నిజంగానే బాధపడ్డాడు, ఇప్పుడు నమ్మకపోతే ఆయనకే నామోషీ. అయినా సరే, కుడిచెయ్యి గుండెల మీద వేసుకుని ఎడమచేత్తో ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పోనీండి, సంగతి తిన్ననిది. కోలారు బంగారు గనుల్లో నాలుగు రోజుల పాటు నేను చూసింది, తిన్నది, విన్నది అంతా నిజం. ఒక ఖాళీ ఇల్లు గోడలు కదలకుండా నడిచి మూలకు చేరడం కూడా నిజమే. తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను.

నేను హైస్కూల్లో సోషలు మేష్టారిని. మా ఆఖరి తమ్ముడి భార్య నాగవేణి ఫిజిక్సులో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పుట్టిల్లు ఆండర్సన్‌పేట, గనుల పక్కనే. పుట్టింటికి వెళ్ళి రావాలంది. తమ్ముడికి సెలవు దొరకలేదు, నాకు దొరకని రోజు లేదు. తోడు వెళ్ళమన్నారు. బయల్దేరుతుంటే మా ఆవిడ నాగవేణితో మెల్లగా అనడం విన్నాను: "రైల్లో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళని కాస్త కనిపెట్టి ఉండమ్మా."

బంగారుపేట

మెయిలు దిగేసరికి తెల్లారుతోంది. మా తెనాలిలో చలికాలమంటే దుప్పటి కాళ్ళ దగ్గర మడిచి పెట్టుకుని పడుకోవడం. ఇక్కడ ప్లాట్‌ఫారం మీద కాఫీ అమ్మేవాడు గ్లాసు చేతికిచ్చి, "తొందరగా తాగు సామీ, ఇంగ రెండు నిమిషాలకు ఐసు" అన్నాడు. నన్ను మించినవాడు మొదటి స్టేషన్లోనే తగిలాడని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కాఫీ అర్ధరూపాయి. వడ సైజు మా ఊరి వడలో ముప్పాతిక, రుచి ఒకటింపావు.

గనులకు వెళ్ళే చిన్నబండిలో కూర్చున్నాక అడిగాను.

"ఇంతకీ నీ పరిశోధన దేని మీదమ్మా? పెళ్ళయి అయిదేళ్ళయింది, అడిగితే అర్థం చేసుకోవాల్సి వస్తుందని అడగలేదు."

"హోల్స్ మీద బావగారూ."

"అంటే బొక్కలా?"

"బొక్కలే."

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పింగాణీలాంటి నల్లటి రాయి ఒకటుంది. దాంట్లో ఎలక్ట్రాన్లు గదికొకటి చొప్పున సర్దుకుని ఉంటాయి. ఒక గదిలో రెండు ఇమడవు, ఒకదాన్నొకటి తరిమేస్తాయి. అన్ని గదులూ నిండి ఉంటే ఇంక కదిలేదెక్కడికి? కదలిక లేదు కాబట్టి కరెంటు లేదు. పైగా ఒకదాని మొహం పైకి ఉంటే, చుట్టూ ఉన్న నాలుగింటి మొహాలూ కిందికి ఉండాలి. ఎడమొహం పెడమొహంగా ఉండటమే వాటికి సుఖం. ఇది నాకు వెంటనే అర్థమైంది, నాకు పెళ్ళయి ఇరవై రెండేళ్ళు.

ఆ రాయిలో చిటికెడు వేరే దినుసు కలిపితే కొన్ని గదులు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీయే హోలు. పక్కవాడు ఖాళీలోకి జరుగుతాడు, వాడి గది ఖాళీ అవుతుంది. అందులోకి ఇంకొకడు. జరిగేది మనుషులే అయినా చూసేవాడికి ఖాళీయే నడిచినట్టుంటుంది. దినుసు ఇంకొంచెం వేసి బాగా చల్లబరిస్తే, మొన్నటి దాకా కరెంటుని గుమ్మం దగ్గరే ఆపేసిన రాయిలోంచి అదే కరెంటు అడ్డన్నది లేకుండా పరుగెడుతుంది. ప్రపంచంలో సైంటిస్టులందరూ ఇప్పుడు ఈ రాయి వెనకే పడ్డారట. వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. చలి కూడా ఉందనుకోండి.

"మరి అంత ముఖం వేలాడేసుకున్నావేం?"

ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ఒక్క ఖాళీ నడిచిందంటే దాని దారి పొడుగునా వరస చెడిపోతుంది. పైకి చూసేవాడి పక్కకి పైకి చూసేవాడే వచ్చి పడతాడు. ఎంత దూరం నడిస్తే అంత గొడవ. అందుకని అది తాడు కట్టిన మేకలాగా వెనక్కే రావాలి. పుస్తకాలూ అదే అంటాయి, మా గైడుగారూ అదే అంటారు. నా కంప్యూటరు మాత్రం అది మెల్లమెల్లగా జారిపోతోందంటుంది. అదీ ఎటు? మూలకు మూలగా ఉన్న గదికి. తిన్నగా కాదు."

"పోతే పోనీ, మంచిదేగా."

"పోవడానికి దారే లేదు బావగారూ. అంటే ప్రోగ్రాంలో తప్పుంది. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాను, దొరకలేదు. నెలాఖరులోగా తప్పు పట్టుకో, లేదంటే మానెయ్యి అన్నారు గైడుగారు. మానేస్తున్నాను. నాయినకు ఆ మాట ఉత్తరంలో రాయలేక ఎదురుగా చెబుదామని వస్తున్నాను."

తర్వాత లేచి ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. ఎదురు సీటులో ఆండర్సన్‌పేట శెట్టిగారొకాయన, కిరాణా కొట్టు ఆయనది, అప్పటిదాకా ఓపిక పట్టి ముందుకు వంగాడు.

"ఆ యమ్మ ఏం చదవతా ఉండాదప్పా? ఓల్సు అంటా ఉన్నింది?"

దేవుడా, నేను నిజమే చెబుదామనుకున్నాను. నాలుక ఒప్పుకోలేదు. "ఇంకేం హోల్సు శెట్టిగారూ? గనిలో ఎక్కడ హోలు వేస్తే బంగారం పడుతుందో కంప్యూటర్లో చూసి చెబుతుంది. పెద్ద పెద్దవాళ్ళే పిలిపించారు. బయటికి పొక్కనివ్వకండి."

శెట్టిగారు నోటి మీద వేలేసుకున్నాడు. ఆ వేలు స్టేషను వచ్చేదాకానే ఉంది.

ఆండర్సన్‌పేట

ఊళ్ళోకి రాగానే కొండలనుకున్నాను. బూడిదరంగు, చెట్టన్నది లేదు, పైన కత్తితో కోసినట్టు చదును. బంగారం తీశాక మిగిలిన పిండి అది, సైనైడు దిబ్బలంటారు. గాలి వీస్తే ఆ పిండి వచ్చి ఊరందరి మీసాలనీ ఒకే వయసుకి తెస్తుంది.

నాగవేణి తండ్రి మునిరత్నంగారు ముప్పై ఏళ్ళు భూమి లోపల డ్రిల్లరుగా చేసి రిటైరైన మనిషి. గనులు సర్కారు చేతికి రాకముందు చేరి, వచ్చిన తర్వాత చాలా ఏళ్ళకి బయటికొచ్చారు. డ్రిల్లు అదురుకి కుడిచేతి రెండు వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"రాప్పా పెద్దల్లుడా. నువ్వు వస్తావని జాబు చూసినప్పటి నుంచి మీ అత్త అనపకాయలు ఒలస్తానే ఉండాది."

నాగవేణి తల్లి చెంగమ్మగారు రాగిసంగటి ముద్ద, పితికినపప్పు పులుసు పెట్టారు. అనపగింజల్ని నానబెట్టి, ఒక్కొక్కటే పొట్టులోంచి పితికి తీసిన పప్పది. మా తెనాలిలో ఎవరి ఆడపిల్లనైనా అంత పనికి కూర్చోబెడితే పంచాయతీ పెడతారు. నేను సంగటిని నమలబోయాను. చెంగమ్మగారు నవ్వు ఆపుకుంటూ, "నమలద్దు నాయినా, మింగల్ల" అన్నారు. మూడు ముద్దలు మింగాను. నాలుగో ముద్ద నన్ను మింగింది, సాయంత్రం దాకా పడుకున్నాను.

లేచేసరికి వీధిలో గుంపు. మునిరత్నంగారు నన్ను రీడింగు రూము దగ్గరికి లాక్కుపోయారు. గోడకున్న నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది: "ఆదివారం పొద్దున పది గంటలకు ఓల్సు గురించి మునిరత్నం బిడ్డ నాగవేణి ప్రసంగం. అందరూ రావాల."

"చూస్తివా అప్పా," అన్నారాయన. "నేను ముప్పై ఏండ్లు రాతిలో ఓల్సు ఏసినాను. ఓలు తిన్నగా ఏస్తే రాయి మర్యాదగా పగులుతాది, వంకర ఏస్తే మనిషిని తింటాది. ఆ పని మీద చదువుండాదని నాకు తెలీదు. నా బిడ్డ జాబులో రాసింది, నాయినా, నేను ఓల్సు మీద డాక్టరేటు చేస్తా ఉండాను అని. నా పని మీద అప్పా. ఇంత లోకంలో నా పనిని ఎత్తుకున్నాది."

పక్కనే నాగవేణి ఉంది. ఆమె మొహం నల్లబల్ల రంగుకి తిరిగింది. చెప్పాల్సింది ఒకటనుకుంటే రెండయ్యాయి: నాయినా, అది నీ హోలు కాదు. ఆ హోలు కూడా నేను మానేస్తున్నాను.

అంతలో మునిరత్నంగారి స్నేహితుడు సెల్వరాజు వచ్చాడు. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. తమిళం ఆయన, ఆడపిల్లల్ని ముద్దుగా 'కణ్ణు' అంటాడు.

"ఏం కణ్ణు, మందు కూరినా పేలకుండా మిగిలిపోయే ఓలు గురించి కూడా చెప్తావు ఇల్లే? నా ఎడం చెవి దానికే ఇచ్చేసినా." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బంగారం యాడుందో మిషన్లో కనిపించిందంట గదా సార్. శెట్టి ఎవురికీ చెప్పద్దని అందరికీ చెప్తా ఉండాడు."

నేను దగ్గుతో సర్దుకున్నాను.

కోలారు

మర్నాడు ఇంట్లో ఉండలేక నాగవేణి నన్ను కోలారుకి తీసుకుపోయింది. కోలారమ్మ గుడిలో తేళ్ళ దేవత ఉంది, చేళమ్మ. ఆమెకు మొక్కితే తేలు కుట్టదంటారు. ఆ సన్నిధిలో హుండీ అంటే పెట్టె కాదు, నేలలో బొక్క. డబ్బులు అందులో వెయ్యాలి. ఎప్పటి నుంచి వేస్తున్నారో, అడుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నాడు పూజారి. ఎంత లోతో చూద్దామని వంగాను. జేబులోంచి నా కళ్ళజోడు జారి అందులో పడింది. చప్పుడు కూడా వినపడలేదు.

"పడింది పడినట్టే," అన్నాడు పూజారి. "అమ్మకు పనికొస్తాదిలే."

నాగవేణి రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. గుడి మెట్ల మీద కూర్చుని పల్లీలు తింటూ ఇంకో సంగతి చెప్పింది. నిజం రాయిలో ఎలక్ట్రాన్లు ఊరికే ఉండవట. పక్కపక్కవి రెండూ మొహాలు మార్చుకుంటూ ఉంటాయట, నువ్వు పైకి చూడు, నేను కిందికి చూస్తానని. అట్లా మార్చుకుంటే చెడిన వరస తనే సర్దుకుని ఖాళీ తాడు తెంచుకోవచ్చు. "కానీ నా లెక్కలో ఆ దారి నేను కావాలనే మూసేశాను బావగారూ. ఎవరి మొహం వాళ్ళదే, మార్చుకోవడం లేదు. పక్క గదిలోకి జరగడం ఒక్కటే ఉంది. అన్ని తలుపులూ మూసినా అది బయటికి పోతోంది. తప్పు కాకపోతే మరేంటి?"

"ఆదివారం దాకా ఆగు," అన్నాను. "అప్పుడే మీ నాన్నకు చెప్పకు."

ఆగితే ఏమవుతుందో నాకూ తెలియదు. పెద్దవాణ్ణి కాబట్టి అన్నాను.

కోరమండల్

శనివారం మునిరత్నంగారు పాత లైన్లు చూపిస్తానని నన్ను కోరమండల్ తీసుకుపోయారు. లైన్లంటే కార్మికుల ఇళ్ళ వరసలు. ఒక్కో ఇల్లు మా తెనాలి ఇంట్లో పెరటి కొట్టంత. అటూ ఇటూ ఇళ్ళతో గోడ ఉమ్మడి, వెనకింటితో గోడ ఉమ్మడి, ముందు సన్నటి కాలవ, దాని అవతల ఎదురిల్లు. ఎటు చెయ్యి చాపినా పొరుగే.

"ఈడ మాకొక కట్టుబాటు ఉన్నింది," అన్నారాయన. "గనిలో షిఫ్టులు మూడు. మా లైన్లో లెక్క రెండే, ఎండ షిఫ్టు, చీకటి షిఫ్టు. ఎండ షిఫ్టోని చుట్టూ నాలుగిండ్లూ చీకటి షిఫ్టే ఉండాల. చీకటోని చుట్టూ ఎండోళ్ళు."

"ఎందుకని? కొళాయి దగ్గర గొడవలనా?"

"అదీ ఉండాది. అసలుది వేరే అప్పా. లోపల బండ పగిలి కూలిందనుకో. భూమి అదురుతాది, ఇంట్లో గిన్నెలు కింద పడతాయి. అప్పుడు ఆడోళ్ళు యాడికని పరిగెత్తల్ల? పక్కింటోడు పైన ఉంటే వాడు గనిలోకి దిగే షాఫ్టు కాడికి పోయి కనుక్కొస్తాడు. పక్కింటోడూ నీతోనే కింద ఉంటే? అందుకే ఎదురు షిఫ్టు. వారానికొకసారి షిఫ్టు మారేది. అందురమూ ఒకేసారి మారితిమి, ఎదురు ఎదురుగానే ఉన్నింది."

ఆ మాటని ఉప్పూ కారం వెయ్యకుండా ఉన్నదున్నట్టు కాయితం మీద రాసుకున్నాను. నాకది అరుదు.

ఆయన ఒక నాలుగిళ్ళ చదరం ముందు ఆగి నవ్వడం మొదలుపెట్టారు. "ఈడ ఒక ఆదివారం మేము పిచ్చోళ్ళ మాదిరి సామాన్లు మోసినాము. అదో, ఆ మూల ఇల్లు కారేది. వానొస్తే లోపలే ఎక్కువ కురిసేది. ఎండ షిఫ్టోడు ఒకడు పనిడిసి పోయి అది ఖాళీగా ఉన్నింది. దానికి మూలకు మూలగా ఇది, నా ఇల్లు. పొడిగా ఉండేది. నాదీ ఎండ షిఫ్టే. మిగిలిన రెండు మూలల్లో చీకటి షిఫ్టోళ్ళు. ఆ కారే ఇల్లు సెల్వరాజుకి ఇచ్చినారు. పెండ్లాము పచ్చి బాలింత. మీ అత్త తిట్టింది, ఆ బిడ్డను నీళ్ళలో పెడతారా అని. సరే, నేను కారే ఇంటికి పోతాను, వాడు నా ఇంట్లోకి రానీ అన్నాను."

"మారిపోతే సరి."

"యాడప్పా మారేది. క్వార్టర్సు గుమాస్తా ఒకడుండె. గోడకు గోడ తగిలే ఇంటికి మారితే నోటి మాట చాలు. దాన్ని గోడ మార్పు అంటాము. మూలకు మూల అయితే అర్జీ పెట్టాల. అర్జీ పెడితే ఇంగ ఆ బిడ్డకు మీసాలొచ్చినాక జవాబు. అందుకని గోడ మార్పులే చేసినాము. మొదటి చీకటోడు కారే ఇంట్లోకి, నేను వాని ఇంట్లోకి, రెండో చీకటోడు నా ఇంట్లోకి. మళ్ళా మొదటోడు కారే ఇంట్లోనుంచి రెండోవాని ఇంట్లోకి, నేను కారే ఇంట్లోకి, రెండోవాడు మొదటోని ఇంట్లోకి. ఆరు మార్పులు. చుట్టూ ఒకటి, దాని మీద అర. గుమాస్తా ఆరుసార్లు 'గోడకు గోడే కదా' అని తల ఊపినాడు. చూస్తే నా ఇల్లు ఖాళీ, ఒక్కని షిఫ్టూ తప్పలేదు."

నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వారు.

ఆదివారం, రీడింగు రూము

పది గంటలకు లోపల నిలబడ్డానికి చోటు లేదు. కిటికీల్లో కూడా మనుషులే. ముందు బెంచీ మీద మునిరత్నంగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. శెట్టిగారు మొదలుపెట్టాడు.

"తల్లీ, ఏ పక్క ఓలు వెయ్యాలో చెప్పు. ఈ గని మూసేస్తారని అందరూ అంటా ఉండారు."

నాగవేణి లేచి నిలబడింది. "నాది మీరనుకునే ఓలు కాదు పెద్దాయనా. రాతిలో వేసేది కాదు. బంగారం యాడుండాదో నాకు తెలీదు. ఎవరు చెప్పినారో కానీ అది అబద్ధం."

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. కిటికీ దగ్గర ఒకావిడ పక్కామెతో, "మావోనికి ఇంగ కొన్నాళ్ళు పనుంటాదని వచ్చినా" అని వెళ్ళిపోయింది. ఆమె వెనక సగం మంది. మునిరత్నంగారు వెనక్కి తిరిగి చూడలేదు, తన చేతుల కేసి చూసుకుంటున్నారు.

"మళ్ళా ఏ ఓలు మ్మా?" అన్నాడు సెల్వరాజు.

నాగవేణి చెప్పులు విడిచి, సుద్ద తీసుకుని, సిమెంటు నేల మీద నిలువూ అడ్డం గీతలు గీసి పదహారు గళ్ళు చేసింది. మూల బల్ల మీదున్న క్యారం బిళ్ళలు తెచ్చి ఒకటి తెల్లది, ఒకటి నల్లది చొప్పున సర్దింది.

"ఇవి మన కోరమండల్ లైన్లు అనుకోండి. తెల్లది ఎండ షిఫ్టు, నల్లది చీకటి షిఫ్టు. ఇంటికి ఒకడే. నేను చదివే రాయి లోపల ఇట్లనే ఉంటాది."

వెళ్ళబోతున్నవాళ్ళు గుమ్మంలో ఆగారు. వాళ్ళ ఇళ్ళ గురించి ఎవరైనా నేల మీద బొమ్మ గీసి చెప్పడం అదే మొదలనుకుంటాను.

ఆమె ఒక తెల్ల బిళ్ళ తీసేసింది. "ఒకడు పనిడిసినాడు. ఈ ఖాళీయే నా ఓలు." పక్క బిళ్ళని అందులోకి జరిపింది, దాని చోటికి ఇంకోదాన్ని, మళ్ళీ ఇంకోదాన్ని. నల్లవాటి పక్కన నల్లవి, తెల్లవాటి పక్కన తెల్లవి వచ్చి పడ్డాయి.

"కట్టుబాటు తప్పిపాయ," అన్నాడు సెల్వరాజు. "గిన్నెలు పడితే ఎవురు పోయేది?"

"అదే సెల్వరాజు మామా. అందుకే ఈ ఖాళీ దూరం పోయేదానికి లేదు, వచ్చిన దారినే వెనక్కి రావాల. కానీ నా లెక్కలో అది మూలకు పోతా ఉండాది. ఎట్ల పోతాదో నాకు తెలీదు. తప్పు యాడుండాదో వెతికి వెతికి..." సుద్ద కింద పెట్టేసింది. తండ్రి వైపు చూసింది. "నాయినా, నీకొక మాట చెప్పాలని వచ్చినాను."

అప్పుడు నేను లేచాను. అవును, నేనే. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి గళ్ళ ముందు కూర్చుని, బిళ్ళలన్నీ మళ్ళీ వరసలో పెట్టి, ఒక తెల్ల బిళ్ళ తీసి ఖాళీ చేశాను. ఆ ఖాళీ ఒక మూలగా ఉండే నాలుగు గళ్ళ చదరం చూసుకుని, అందులోని మూడు బిళ్ళల్నీ గోడ మార్పులతో జరపడం మొదలుపెట్టాను. సెల్వరాజు గట్టిగా లెక్కపెట్టాడు. "ఒణ్ణు. రెండు. మూణు. నాలు. అంజు. ఆరు."

ఆరో దానికి చెయ్యి తీసేశాను. ఖాళీ మూలకు చేరింది. చుట్టూ ఒక్క బిళ్ళ కూడా తప్పు పొరుగున లేదు. ఏ గుమాస్తా చూసినా మొదటి నుంచీ అట్లాగే ఉందనుకుంటాడు. నమ్మకపోతే నాలుగు గళ్ళు గీసి మూడు బిళ్ళలు పెట్టి మీరే వేసుకోండి.

నాగవేణి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. బిళ్ళలు వెనక్కి పెట్టి తనే ఒకసారి వేసింది. ఇంకోసారి వేసింది. ప్రతి అడుగుకీ ఎన్ని గొడవలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"మధ్యలో గొడవలుండాయి, అందుకే మెల్లగా పోతాది," అంది తనలో తను. "ఆరు అడుగులు. మూలకే, తిన్నగా కాదు. ఒకసారి చుట్టితే చాలదు, ఒకటిన్నర చుట్టాల. మేమందరం ఒక్క చుట్టుతోనే ఆపేసినాము." తల ఎత్తింది. "నా ప్రోగ్రాం తప్పు కాదు. ఎనిమిది నెలలుగా అది నిజమే చెప్తా ఉన్నింది."

"సరే మ్మా, చెప్పాలని వచ్చిన మాటేంది?" అన్నారు మునిరత్నంగారు.

"ఏమీ లేదు నాయినా," అంది. కళ్ళు తుడుచుకుని, "ఇట్లనేనా మనం ఆ కారే ఇంటికి పోయింది? నా పుస్తకాలన్నీ తడిసిపోయేవి గదా" అని అడిగింది.

"కారలేదు మే. చెమర్చింది అంతే."

సెల్వరాజు తన మంచి చెవి రుద్దుకుంటూ అన్నాడు: "మా పెద్దోడు ఆ పొడి ఇంట్లోనే బతికినాడు కణ్ణు."

తిరిగి వెళ్ళాక నాగవేణి గైడుగారికి బల్ల మీద బిళ్ళలు పెట్టి చూపించింది. ఆయన మూడుసార్లు వెయ్యమన్నాడట, తర్వాత తనే వేశాడట. ఇదే ఒకటిన్నర చుట్టు సంగతి దూరదేశంలో ఎవరో అప్పటికే అచ్చు వేశారని కొన్నాళ్ళకి తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. నాగవేణి మాత్రం, "ఇంకొకరికీ కనిపించిందంటే అది ఉన్నట్టే కదా బావగారూ" అని మిగతా లెక్కలో పడిపోయింది. పీహెచ్‌డీ పూర్తి చేసింది.

ఒప్పుకోలు

ఇంతసేపు రాసినదాంట్లో ఒక్క ముక్క నా కల్పన. కాఫీవాడు నిజం, నాలుగో సంగటిముద్ద నిజం, కళ్ళజోడు ఇప్పటికీ చేళమ్మ దగ్గరే ఉంది. శెట్టిగారికి చెప్పిన అబద్ధం కూడా, సిగ్గుపడుతూ చెబుతున్నాను, నిజంగా చెప్పిన అబద్ధమే.

క్యారం బిళ్ళలు జరిపింది నేను కాదు. మునిరత్నంగారు. బిడ్డ మాట మధ్యలో ఆపగానే బెంచీ మీంచి లేచి, ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద కూర్చుని, "ఇది గోడ మార్పు కదా మే" అని ఆ మొద్దుబారిన వేళ్ళతో ఒక్కో బిళ్ళా తోశారట. ఆ రోజే నన్ను పక్కకి పిలిచి చెప్పారు: "నువ్వు రాసేటోడివి. రాస్తే నీ పేరే వేసుకో అల్లుడా. నాయిన చెప్పినాడంటే బిడ్డ చదువు తక్కువైపోతాది." ఒకరు అడిగి చెప్పించుకున్న అబద్ధం నా జీవితంలో అదొక్కటే, సంతోషంగా రాశాను. నాగవేణి చదివి, బిళ్ళలు జరిపిన చోట 'నేను' అన్నదల్లా ఎర్రసిరాతో కొట్టేసి కాయితాలు తిరిగి పంపింది. కింద రాసింది: "బావగారూ, మిగిలిన అబద్ధాలన్నీ ఉంచుకోండి. ఇదొక్కటి మా నాయినది."

అందుకని చెబుతున్నాను. నాగవేణి చిక్కూ, ఆ గోడ మార్పుల కథా రెండూ ముందే విన్నది లోకంలో నేనొక్కణ్ణే. విని కడుపు పట్టుకుని నవ్వానే తప్ప నాకేమీ తట్టలేదు. కిటికీ దగ్గర ఆవిడ అన్న మాటకి హాల్లో కూర్చోలేక ఎప్పుడో బయటికి వచ్చేశాను. లోపల సెల్వరాజు ఆరు లెక్కపెడుతున్న సమయానికి నేను వెనక టీ కొట్టులో, బోండాలో ఉప్పు లేదని కొట్టువాడితో పోట్లాడుతున్నాను.